ఫాస్ వీధులు: విద్యను పోషించిన అంగళ్ళు

మన పెద్దలు ధరించిన ఎర్రని కుచ్చుటోపీని మనవారు రూమీ టోపీ అన్నారు. ఐరోపా వారు దానినే 'ఫెజ్' అన్నారు. ఆ మాట మొరాకో దేశంలోని ఒక నగరం పేరు. అరబ్బీలో ఆ నగరాన్ని ఫాస్ అంటారు. టోపీ పేరుగా మనదాకా వచ్చిన ఈ నగరం మగ్రిబ్ లో, అనగా పశ్చిమ ఇస్లామీయ ప్రపంచంలో, శతాబ్దుల తరబడి విద్యకు నిలయమై వర్ధిల్లింది. ప్రపంచంలోకెల్లా ప్రాచీనమైన విశ్వవిద్యాలయం ఇక్కడిదేనని, దానిని ఒక ముస్లిం స్త్రీ స్థాపించిందని నేడు ఎన్నో పుస్తకాలలోను, ఉపన్యాసాలలోను వినవస్తున్నది. ఆ మాట వింటే ముస్లిం హృదయం ఉప్పొంగడం సహజం. అయితే చరిత్ర హృదయానికే గాక బుద్ధికి కూడా జవాబు చెప్పుకోవలసి ఉంటుంది. మార్గదర్శి వెంట ఈ నగర వీధులలో నడిచే యాత్రికుడు ఏమి వింటాడు, విన్నవాటిలో ఏవి నిలుస్తాయి, చూడకుండా దాటిపోయేవి ఏవి అన్నదే ఈ వ్యాసంలోని విషయం.

శరణార్థుల నగరం

నడక ప్రారంభించే ముందు నగరం పుట్టుకను రెండు మాటల్లో చెప్పుకోవాలి. హిజ్రీ 169 (క్రీ.శ. 786)లో మక్కా సమీపాన ఫఖ్ వద్ద హజ్రత్ అలీ (రజి) వంశీయులు కొందరు అబ్బాసీ సేనలతో పోరాడి ఓడిపోయారు. ప్రాణాలతో బయటపడినవారిలో హజ్రత్ హసన్ (రజి) సంతతికి చెందిన ఇద్రీస్ బిన్ అబ్దుల్లా ఒకరు. ఆయన దూరదేశమైన మగ్రిబ్ చేరి, అక్కడి బెర్బర్ తెగల అండతో ఒక రాజ్యాన్ని నెలకొల్పారు. 789లో ఒక చిన్న నది తూర్పు గట్టున ఆయన వేసిన నివాసమే ఫాస్ కు ఆది. ఆయన కుమారుడు రెండవ ఇద్రీస్ 809లో పడమటి గట్టున మరొక పట్టణాన్ని కట్టించారు.

818లో అందలూస్ రాజధాని ఖుర్తుబాలో అమీర్ మొదటి హకమ్ మీద తిరుగుబాటు చెలరేగింది. దానిని అణచిన పిమ్మట వేలాది కుటుంబాలను దేశం నుంచి వెళ్ళగొట్టారు. వారిలో ఎందరో తూర్పు గట్టున స్థిరపడ్డారు. అదే శతాబ్దంలో నేటి ట్యునీషియాలోని ఖైరవాన్ నుంచి వలస వచ్చినవారు పడమటి గట్టు చేరారు. అందుచేత ఒకటి అందలూసీల గట్టు, రెండవది ఖైరవానీల గట్టు అయింది. ఖరవియ్యీన్ అన్న పేరుకు ఖైరవాన్ వారిది అనే అర్థం. ఇల్లూ వాకిలీ పోగొట్టుకొని వచ్చినవారు కట్టుకున్న ఊరు ఇది. రెండు గోడల నడుమ వేరువేరుగా ఉన్న ఈ రెండు పట్టణాలను 11వ శతాబ్దిలో మురాబిత్ పాలకుడు యూసుఫ్ బిన్ తాష్ఫీన్ ఒకే నగరంగా కలిపాడు.

నీలి ద్వారం నుంచి

యాత్రికులను నడిపించే దారి సాధారణంగా పడమట బాబ్ బూ జలూద్ వద్ద మొదలవుతుంది. బయటివైపు నీలిరంగు పెంకులు, లోపలివైపు పచ్చని పెంకులు పొదిగిన అందమైన ద్వారమిది. దీనిముందు నిలబడి ఫొటో తీయించుకోని యాత్రికుడు అరుదు. వెయ్యేళ్ళ నగరానికి ఇది వెయ్యేళ్ళ ద్వారమని అతడు తలపోస్తాడు. నిజానికి ఈ ద్వారం కట్టింది 1913లో, ఫ్రెంచివారు మొరాకోను తమ రక్షణలోకి తీసుకున్న మరుసటి సంవత్సరం. పాత ద్వారం దీని పక్కనే, చిన్నదిగా, ఎవరి చూపూ పడకుండా ఉన్నది. పాతదనిపించేదంతా పాతది కాదన్న పాఠాన్ని ఫాస్ తన వాకిట్లోనే చెబుతున్నది.

ద్వారం దాటగానే తలఆ కబీరా అనే పెద్దవీధి దిగువకు సాగుతుంది. పెద్దవీధి అన్నమాటేగాని, నాలుగు మూరల వెడల్పైనా లేని చోట్లు ఉన్నాయి. మోటారు వాహనాలు ఈ పాతనగరంలోకి రావు. బరువులన్నీ గాడిదల మీద, కంచరగాడిదల మీద సాగుతాయి. 'బాలక్! బాలక్!' అన్న తోలేవాడి హెచ్చరిక వినగానే అందరూ గోడకు ఒత్తుకొని దారి ఇస్తారు. ఇరుపక్కలా అంగళ్ళు. యాత్రికుడు వీటిని బజారుగా చూస్తాడు, బేరమాడతాడు, ముందుకు పోతాడు. ఈ అంగళ్ళలో ఎన్నిటి కిరాయి ఒకప్పుడు ఏ ఉపాధ్యాయుడి జీతంగా, ఏ విద్యార్థి రొట్టెగా మారిందో అతనికి ఎవరూ చెప్పరు. ఆ లెక్క తెలియాలంటే వీధి పక్కనున్న మదర్సాలోకి వెళ్ళాలి.

బూ ఇనానియా గోడలోని పాలరాయి

1350, 1355 సంవత్సరాల నడుమ మరీనీ సుల్తాన్ అబూ ఇనాన్ కట్టించిన బూ ఇనానియా మదర్సా ఈ వీధిలోనే ఉన్నది. పాలరాతి ముంగిలి, దేవదారు కొయ్య చెక్కడం, సున్నపు గార మీద అల్లికవంటి పనితనం చూసినవారు నోట మాటరాక నిలబడతారు. దీనికి అయిన ఖర్చు లెక్కలు చూపబోతే సుల్తాన్ ఆ పుస్తకాన్ని నీటిలో పారవేయించాడని మార్గదర్శులు చెబుతారు. అందానికి వెల కట్టరాదన్నది ఆ కథలోని నీతి.

కథ రమ్యమైనదే. కాని ఫాస్ మదర్సాల గోడలలో పొదిగిన పాలరాతి ఫలకాలు దీనికి విరుద్ధమైన సాక్ష్యం చెబుతున్నాయి. వాటి మీద లెక్కలే ఉన్నాయి. మదర్సాకు వక్ఫ్ చేసిన ఆస్తులు ఏవి, ఫలానా వీధిలో ఎన్ని అంగళ్ళు, ఎన్ని ఇళ్ళు, ఏ స్నానశాల, ఏ పిండిమర అన్నది అందరూ చదువుకునేటట్టు రాతిలో చెక్కించారు. కాగితం చిరుగుతుంది, ముతవల్లీ మారుతాడు, రాజు చనిపోతాడు. గోడలోని రాయి మాత్రం నమాజుకు వచ్చిన ప్రతివాడికీ కనిపిస్తుంది. ఆస్తిని కాజేయదలచినవాడు ముందు ఆ రాతికి జవాబు చెప్పాలి. లెక్కలు నీటిలో పారవేయడం ఈ నగరపు అలవాటు కాదు. లెక్కలను రాతిలో భద్రపరచడమే దాని అలవాటు.

అబూ ఇనాన్ కొలువుకు మన దేశంతో ఒక సంబంధం ఉన్నది. ఢిల్లీలో ఖాజీగా పనిచేసి, లోకమంతా తిరిగి స్వదేశం చేరిన ఇబ్నె బతూతా తన యాత్రా వృత్తాంతాన్ని ఈ సుల్తాన్ ఆజ్ఞ మీదనే ఇబ్నె జుజయ్ అనే లేఖకుడి చేత రాయించారు. 1355లో అది పూర్తయింది. దానికి ముందటి సంవత్సరమే యువకుడైన ఇబ్నె ఖల్దూన్ ఫాస్ కు వచ్చి ఇదే కొలువులో చేరారు. ఢిల్లీ సుల్తాన్ సంపదను గురించి ఇబ్నె బతూతా చెప్పిన సంగతులను కొలువులోని చాలామంది నమ్మలేదని, తాను కూడా సందేహించానని ఇబ్నె ఖల్దూన్ తరువాత ముఖద్దిమాలో రాశారు. కంటితో చూడనంత మాత్రాన కొట్టివేయరాదని ఒక వజీర్ తనను వారించాడని కూడా ఆయనే రాశారు. ఇష్టమైనదని నమ్మరాదు, వింతగా ఉన్నదని తోసివేయరాదు. రాబోయే మజిలీలలో ఈ కొలబద్ద మనకు అవసరమవుతుంది.

గడియారపు ఇల్లు

మదర్సాకు ఎదుటి గోడలో చిన్న కిటికీలు వరుసగా కనిపిస్తాయి. ఇది దారుల్ మగానా, గడియారపు ఇల్లు. 1357లో పూర్తయిన నీటి గడియారమిది. నమాజు వేళలు తెలిపే అధికారి, తిలిమ్సాన్ నివాసి అయిన అబుల్ హసన్ అలీ దీనిని అమర్చారు. దీని యంత్రభాగాలు ఏనాడో పోయాయి.

ఈ ఇంట్లోనే యూదు తత్వవేత్త మూసా బిన్ మైమూన్ నివసించాడని, ఖరవియ్యీన్ లో చదివాడని మార్గదర్శులు చెప్పడం ఉన్నది. ఆయన 1160 ప్రాంతాల నుంచి 1165 దాకా ఫాస్ లో ఉన్న మాట నిజమే. గడియారపు ఇల్లు కట్టింది ఆ తరువాత రమారమి రెండు వందల ఏళ్ళకు. ఖరవియ్యీన్ లో ఆయన విద్యార్థిగా ఉన్నట్టు ఆ కాలపు సాక్ష్యం ఏదీ లేదు. ఇటువంటిదే మరో కథ, రెండవ సిల్వెస్టర్ అనే పేరుతో 999లో పోపు పదవినెక్కిన గెర్బర్ట్ ఇక్కడ చదువుకొని మన అంకెలను ఐరోపాకు తీసుకుపోయాడన్నది. అతడు గణితం నేర్చింది స్పెయిన్ ఈశాన్య మూలనున్న కటలోనియాలో. ఫాస్ కు వచ్చినట్టు నమ్మదగిన ఆధారం లేదు. అరబ్బుల విద్య అతనికి అందిన మాట వాస్తవమే గనుక దానికి ఖరవియ్యీన్ గుమ్మం తగిలించవలసిన అవసరం మనకు లేదు.

అత్తరు అంగళ్ళ నడుమ

వీధి దిగువకు పోయేకొద్దీ మసాలా దినుసుల వాసన, అత్తరు వాసన తగులుతాయి. గోరింటాకు అమ్మే చిన్న చౌకు పక్కన 1286లో మరీనీ సుల్తాన్ అబూ యాఖూబ్ యూసుఫ్ కట్టించిన ఆసుపత్రి, సీదీ ఫరజ్ మారిస్తాన్ ఉండేది. రోగులకు, ముఖ్యంగా మతి చలించినవారికి, ఇక్కడ వక్ఫ్ ఆదాయంతో ఆశ్రయం ఇచ్చేవారు. గ్రనడాలో పుట్టి ఫాస్ లో చదువుకున్న హసన్ అల్ వజ్జాన్ విద్యార్థి దశలో రెండేళ్ళు ఈ ఆసుపత్రిలో లేఖకుడిగా పనిచేశారు. 1518లో సముద్రపు దొంగలు ఆయనను పట్టి రోములో పోపుకు కానుకగా ఇచ్చారు. లియో ఆఫ్రికనస్ అన్న పేరుతో ఐరోపా ఎరిగినది ఆయననే. 1526లో అక్కడ పూర్తి చేసిన ఆఫ్రికా వర్ణనలో ఆయన తన ఫాస్ ను వీధి వీధిగా గుర్తుచేసుకున్నారు. ఆ పుస్తకంతో మనకు తరువాత పని ఉన్నది.

అత్తరు బజారు చివర 1325లో పూర్తయిన అత్తారీన్ మదర్సా ఉన్నది. పెద్ద ముంగిలి చూసినవారు మేడమీది విద్యార్థుల గదులు కూడా చూడాలి. చాప పరచుకొని, పుస్తకాల పెట్టె ఒకటి పెట్టుకుంటే నిండిపోయే గదులవి. ఊరివాళ్ళ పిల్లలు ఇంటి నుంచే వచ్చి చదువుకునేవారు. ఈ గదులు పర్వత గ్రామాల నుంచి, ఎడారి అంచుల నుంచి నడిచివచ్చిన పేద విద్యార్థుల కోసం. వారికి రోజుకొక రొట్టె వక్ఫ్ నుంచి అందేది. మిగిలినది పల్లె నుంచి వచ్చే ధాన్యంతోను, ఊరివాళ్ళ దయతోను గడిచేది. ఫాస్ కీర్తికి కారకులైన ఉలమాలలో ఎందరో ఇటువంటి గదుల్లో దీపపు వెలుగున చదివినవారే.

ఖరవియ్యీన్ గుమ్మం ముందు

అత్తారీన్ మదర్సా ఎదుటనే ఖరవియ్యీన్ మస్జిద్ గోడ మొదలవుతుంది. చుట్టూ అంగళ్ళు ఎంతగా ఒరుసుకొని ఉన్నాయంటే, దాని మొత్తం ఆకారం వీధిలో ఎక్కడ నిలబడినా కనిపించదు. ముస్లిమేతర యాత్రికులు గుమ్మం దగ్గరే ఆగిపోవాలి. ముస్లిం యాత్రికుడు వుజూ చేసుకొని లోపలికి పోవచ్చు. ఇక్కడే మార్గదర్శి ఆ ప్రసిద్ధమైన మాట చెబుతాడు: 859లో ఫాతిమా అల్ ఫిహ్రీ అనే మహిళ స్థాపించిన ప్రపంచపు తొలి విశ్వవిద్యాలయం ఇదే.

ఈ మాటకు మూలం ఏది? ఫాస్ చరిత్రకారుడు ఇబ్నె అబీ జర్అ 1326 ప్రాంతంలో పూర్తి చేసిన రౌజుల్ ఖిర్తాస్ అనే గ్రంథం. ఖైరవాన్ నుంచి వచ్చిన ముహమ్మద్ అల్ ఫిహ్రీ అనే ధనికుడి కుమార్తె ఫాతిమా తండ్రి ఆస్తితో స్థలం కొని, హిజ్రీ 245 రమజాన్ లో మస్జిద్ నిర్మాణం ప్రారంభించిందని, పూర్తయ్యేదాకా ఉపవాసాలు పాటించిందని, రాయీ మట్టీ ఆ స్థలంలోనే తవ్వి తీయించిందని ఆయన రాశారు. ఆమె సోదరి మర్యమ్ అవతలి గట్టున అందలూసీల మస్జిద్ కట్టించిందని కూడా రాశారు. ఈ కథనం సంఘటనకు 460 ఏళ్ళకు పైబడిన తరువాతిది.

20వ శతాబ్దిలో మస్జిద్ మరమ్మతులు జరిగినప్పుడు గార పొరల కింద దేవదారు పలకల మీద కూఫీ లిపిలో చెక్కిన ఒక శాసనం బయటపడింది. హిజ్రీ 263 జుల్ ఖాదా మాసంలో, అనగా 877లో, రెండవ ఇద్రీస్ కుమారుడైన దావూద్ ఈ మస్జిద్ కట్టించినట్టు అందులో ఉన్నది. అది కనిపించిన చోటు తొలి మస్జిద్ మిహ్రాబ్ ఉండిన స్థలానికి దగ్గర. దానిని బట్టి ఫాతిమా కథ పిదపకాలపు ఐతిహ్యమని కొందరు పండితులు తలచారు. ఇద్దరు సోదరీమణులు, రెండు గట్లు, రెండు మస్జిద్ లు అన్న పొందిక కూడా వారి సందేహానికి ఒక కారణం. శాసనం వేరొక కట్టడానిదో, తరువాతి మార్పులదో కావచ్చునని సంప్రదాయాన్ని సమర్థించేవారు అంటారు.

ముస్లిం పాఠకుడు ఇక్కడ నొచ్చుకోనక్కరలేదు. మాట చెప్పినవాడెవరు, అతడు ఎవరి నుంచి విన్నాడు, మధ్య కొక్కెం ఏదైనా తెగిందా అని సనద్ అడగడం మనకు ఇతరులు నేర్పిన విద్య కాదు. హదీసు పండితులు లోకానికి నేర్పిన విద్య. కథ ఇంపైనదని హదీసును స్వీకరించని సమాజం, చరిత్ర విషయంలో ఇంపును సనద్ గా తీసుకోవడం తగదు. అలాగని ఒక స్త్రీ తన ఆస్తిని మస్జిద్ కు ఇచ్చిందన్నది అసంభవమూ కాదు. సొంత ఆస్తిని వక్ఫ్ చేసే హక్కు ఇస్లాం స్త్రీకి మొదటినుంచీ ఇచ్చింది, ఎన్నో నగరాలలో స్త్రీలు దానిని వినియోగించారు. ఫాతిమా పేరును గౌరవంతో చెప్పుకోవచ్చు. ఆ గౌరవం ఆధారాన్ని దాటి పోకూడదు.

విశ్వవిద్యాలయమా, మదర్సానా?

మస్జిద్ కట్టిననాడే విశ్వవిద్యాలయం పుట్టిందనడం మరో పొరపాటు. 10వ శతాబ్దిలో జుమా ఖుత్బా ఖరవియ్యీన్ కు మారింది. 956లో నేటికీ నిలిచివున్న మీనార్ లేచింది. 1134, 1143 నడుమ మురాబిత్ పాలకుడు అలీ బిన్ యూసుఫ్ కాలంలో మస్జిద్ నేటి విస్తృతికి వచ్చింది. ఇక్కడి బోధన మగ్రిబ్ అంతటా పేరుపొందినది అటు తరువాతి శతాబ్దులలో, విశేషంగా మరీనీల కాలంలో. ఒక స్తంభానికి ఆనుకొని, లేదా ఎత్తైన కుర్సీ మీద కూర్చొని ఉపాధ్యాయుడు పాఠం చెప్పేవారు. విద్యార్థులు చుట్టూ వలయంగా కూర్చునేవారు. ఫిఖ్హ్, హదీసు, తఫ్సీర్, అరబ్బీ వ్యాకరణం, వారసత్వపు లెక్కలకు కావలసిన గణితం, నమాజు వేళలకు కావలసిన ఖగోళం బోధించేవారు. కొన్ని కుర్సీలకు ప్రత్యేకంగా వక్ఫ్ లుండేవి.

చదువు ముగిశాక పట్టా ఇచ్చినది ఖరవియ్యీన్ కాదు. ఫలానా గ్రంథాన్ని నా వద్ద చదివాడు, ఇతడు దానిని బోధించవచ్చు అని ఉపాధ్యాయుడు తన పేర ఇజాజత్ రాసి ఇచ్చేవారు. జార్జ్ మక్దిసీ అనే విద్వాంసుడు 1981లో ప్రకటించిన గ్రంథంలో ఈ భేదాన్ని విశదం చేశారు. ఐరోపా విశ్వవిద్యాలయం చట్టం ముందు ఒక వ్యక్తివలె నిలిచే సంఘం, పట్టా ఆ సంఘమిస్తుంది. ఇస్లామీయ మదర్సా వక్ఫ్ మీద నిలిచిన ధర్మసంస్థ, పట్టా గురువిస్తాడు. ఇవి రెండు వేరు జాతుల చెట్లు. ఒకదాని కొమ్మల పొడవుతో రెండవదానిని కొలిచి ఏది పెద్దదని వాదించుకోవడం వ్యర్థం. బొలోనా విశ్వవిద్యాలయానికి చెప్పే 1088 సంవత్సరం సైతం 1888లో ఎనిమిది వందల ఏళ్ళ పండుగ జరపడానికి అక్కడివారు నిర్ణయించుకున్నదే. పోటీ పడేవారి తేదీ కూడా అంత గట్టిది కాదన్నమాట.

ఎడతెగని ప్రాచీనతను గురించి గొప్పలు చెప్పుకునేవారికి ఇబ్నె ఖల్దూన్ సాక్ష్యం చేదుగా ఉంటుంది. ఖుర్తుబా, ఖైరవాన్ లు పాడైన తరువాత ఫాస్ తో సహా మగ్రిబ్ నగరాలలో విద్య పరంపర తెగిపోయిందని ఆయన రాశారు. ఇక్కడి విద్యార్థి మదర్సాలో పదహారేళ్ళుంటే ట్యూనిస్ విద్యార్థి ఐదేళ్ళతో సరిపెట్టుకుంటాడని, వల్లెవేయడమేగాని చర్చించడం తెలియనందువల్లనే ఇంత కాలం పడుతున్నదని విమర్శించారు. ఆయన గురువు అల్ ఆబిలీ మరింత ముందుకు పోయి, మదర్సాల కట్టడమే విద్యను చెరిచిందన్నారు. భత్యం కోసం విద్యార్థి, కొలువు కోసం ఉపాధ్యాయుడు సుల్తాన్ గుమ్మం చేరుతున్నారని ఆయన ఆవేదన. పాలరాయి అందానికి మురిసేవారు ఈ మాట కూడా గుర్తుంచుకోవాలి. రాజు ఇచ్చిన వక్ఫ్ లో రాజు నీడ ఉంటుంది.

అయినా అదే ఇబ్నె ఖల్దూన్ ఖాహిరాలో విద్య వర్ధిల్లడానికి కారణం వెదికినప్పుడు చూపినది వక్ఫ్ లనే. అక్కడి అమీర్లు మదర్సాలు కట్టి, వాటికి ఆదాయమిచ్చే ఆస్తులు రాసినందున నలుదిక్కుల నుంచి విద్యార్థులు, పండితులు అక్కడికి చేరారన్నారు. దోషం ఎరిగీ అవసరాన్ని కాదనని ఆయన తీర్పు నేటికీ ఆలోచింపదగినది.

కంచరుల చౌకు, పుస్తకాల ఇల్లు

మస్జిద్ గోడ వెంబడి చుట్టిపోతే సఫ్ఫారీన్ చౌకు వస్తుంది. రాగి, ఇత్తడి పాత్రలు చేసే కంచరుల సుత్తి దెబ్బలతో చెవులు మారుమోగుతాయి. ఆ మోత నడుమనే గ్రంథాలయపు తలుపు ఉన్నది. ఎదుటనున్న మదర్సాను 1271లో సుల్తాన్ అబూ యూసుఫ్ యాఖూబ్ కట్టించాడు. 1285లో కాస్టీల్ రాజు సాంచోతో సంధి చేసుకున్నప్పుడు అతడు అడిగినవాటిలో క్రైస్తవుల చేజిక్కిన ఖుర్ఆన్ ప్రతులు, అరబ్బీ గ్రంథాలు ఉన్నాయి. పదమూడు బరువుల పుస్తకాలు వచ్చాయని, వాటిని ఫాస్ విద్యార్థులకు వక్ఫ్ చేశాడని రౌజుల్ ఖిర్తాస్ చెబుతున్నది. గెలిచినవాడు సంధిలో పుస్తకాలు కోరడం ఏ చరిత్రలోనైనా అరుదే.

ఖరవియ్యీన్ గ్రంథాలయాన్ని 1349లో అబూ ఇనాన్ నెలకొల్పాడు. హిజ్రీ 799 (1396)లో, ఖాహిరాలో ఉన్న ఇబ్నె ఖల్దూన్ తన బృహచ్చరిత్ర కితాబుల్ ఇబర్ ప్రతిని ఇక్కడికి పంపి వక్ఫ్ చేశారు. నమ్మదగినవారికే ఇవ్వాలి, తగిన హామీ తీసుకోవాలి, రెండు నెలలకు మించి ఉంచుకోనీయరాదు అన్నవి ఆయన షరతులు. తాను విమర్శించిన నగరానికే తన జీవితకాలపు శ్రమను అప్పగించడంలో ఆయన పెద్దమనసు కనిపిస్తుంది. ఆ ప్రతిలోని భాగాలు నేటికీ ఉన్నాయి.

తేమ, పురుగు, నిర్లక్ష్యం ఈ గ్రంథాలయాన్ని చాలాకాలం వేధించాయి. 2012లో దీని పునరుద్ధరణ పనిని ఫాస్ లోనే పుట్టిన అజీజా షావునీ అనే వాస్తుశిల్పికి అప్పగించారు. నేల కింది నీటి చెమ్మను మళ్ళించి, అరుదైన ప్రతులకు తగిన వాతావరణం గల గదిని ఏర్పరచారు. ఫాతిమా కథ ఐతిహ్యమో చరిత్రో అని పండితులు వాదించుకుంటూ ఉండగా, ఖరవియ్యీన్ పుస్తకాలను కాపాడే పనికి ఒక ముస్లిం స్త్రీ పూనుకున్నదన్నది మాత్రం ఏ సందేహమూ లేని చరిత్ర.

చౌకు నుంచి దిగువన నది పక్కన తోళ్ళు పదును చేసే షువారా తొట్లు కనిపిస్తాయి. సున్నం, పావురాల రెట్ట కలిపిన తొట్లలో మోకాటిలోతున దిగి కార్మికులు తోళ్ళు తొక్కుతారు. యాత్రికులు ముక్కు దగ్గర పుదీనా ఆకు పట్టుకొని మేడమీది నుంచి చూస్తారు. ఫాస్ లో చర్మకారుడి తొట్టికీ, పండితుడి కుర్సీకీ మధ్య దూరం కొద్ది నిమిషాల నడక. ఈ చేతివృత్తులు నిలిపిన బజారు లేకుంటే కిరాయి లేదు, కిరాయి లేకుంటే కుర్సీ లేదు.

ఆదాయం ఆగినప్పుడు

ఈ బంధం తెగితే ఏమవుతుందో హసన్ అల్ వజ్జాన్ కళ్ళారా చూసి రాశారు. పూర్వం ఫాస్ మదర్సాలలో విద్యార్థికి ఏడేళ్ళపాటు భోజనం, బట్టలు దొరికేవి. తన కాలానికి గది మాత్రమే మిగిలింది. అంతకు ముందు జరిగిన అంతర్యుద్ధంలో వక్ఫ్ తోటలు, ఆస్తులు పాడైపోవడమే కారణం. మిగిలిన కొద్ది ఆదాయం ఉపాధ్యాయులకే అరకొరగా సరిపోతున్నదని, అందుకే నాటి ఫాస్ లో విద్య క్షీణించిందని ఆయన తేల్చారు. శత్రువు మదర్సాను కూల్చనక్కరలేదు, గ్రంథాలు కాల్చనక్కరలేదు. ఎక్కడో ఒక తోట ఎండితే ఇక్కడ ఒక పాఠం ఆగిపోయింది.

1912 మార్చి 30న ఫాస్ లోనే జరిగిన ఒప్పందంతో మొరాకో ఫ్రెంచి రక్షణ కిందికి పోయింది. ఔఖాఫ్ నిర్వహణ కేంద్రశాఖ అదుపులోకి వచ్చింది. 1914లో కొత్త పద్ధతి విద్య నేర్పే మౌలాయ్ ఇద్రీస్ కళాశాల తెరిచారు. ఉద్యోగాలు ఆశించిన పెద్దింటి పిల్లలు అటు మళ్ళారు. 1930 తరువాత ఖరవియ్యీన్ లో తరగతులు, పరీక్షలు, ప్రభుత్వ పర్యవేక్షణ వచ్చాయి. అయినా దాని ప్రాణం పోలేదు. స్వాతంత్ర్యోద్యమ నాయకుడు అల్లాల్ అల్ ఫాసీ ఇక్కడి విద్యార్థే.

స్వతంత్ర మొరాకోలో 1963లో ఖరవియ్యీన్ ప్రభుత్వ విద్యావ్యవస్థలో చేరింది, 1965లో విశ్వవిద్యాలయమన్న పేరు పొందింది. బోధన మస్జిద్ నుంచి నగరం వెలుపలి కట్టడాలకు తరలిపోయింది. వలయాలు తీరిన స్తంభాల మధ్య ఇక నమాజు మాత్రమే మిగిలింది. 1981లో పాతనగరాన్ని యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. 1988లో రాజు రెండవ హసన్ మస్జిద్ లో సంప్రదాయ బోధనను పునరుద్ధరించాడు. మదర్సాల ముంగిళ్ళలో నేడు టిక్కెట్టు కొన్న యాత్రికులు తిరుగుతున్నారు. మార్పులన్నీ తప్పని చెప్పడానికి వీలులేదు. భౌతికశాస్త్రం, విదేశీ భాషలు నేర్వని విద్యార్థి ఈ యుగంలో నిలవలేడు. కాని జీతం రాజధాని నుంచి రావడం మొదలైన తరువాత, వీధిలోని అంగడివానికి, మస్జిద్ లోని పాఠానికి ఉన్న సంబంధం మునుపటిది కాదు.

తిరుగుదారి

సాయంత్రానికి యాత్రికుడు అదే వీధి ఎక్కి నీలి ద్వారం చేరుకుంటాడు. పొద్దుట బజారుగా చూసిన దానిని ఇప్పుడు మరో కంటితో చూడగలిగితే అతని నడక సార్థకమైనట్టే. ఇది కేవలం బజారు కాదు, ఒక విద్యాలయపు ఆదాయపు పట్టిక. రాజులే గాక వర్తకులు, వితంతువులు, ఉలమాలు తమ ఆస్తిలో ఒక అంగడినో, ఇంట్లో ఒక భాగాన్నో సదఖయె జారియాగా రాసి ఇచ్చినందున ఈ పట్టిక పెరిగింది. రాజవంశాలు వచ్చాయి, పోయాయి. విద్య ఒక వంశంతో పుట్టి దానితోనే పోలేదు.

ప్రపంచంలో మొదటిది అన్న బిరుదు మనకు ఏ బాధ్యతా పెట్టదు. తాతల పేరు చెప్పుకొని నిద్రపోవచ్చు. పాలరాతి మీది లెక్క అలా నిద్రపోనివ్వదు. మన ఊళ్ళలోనూ మస్జిద్ ముంగిట మలిగీలు ఉన్నాయి. ఎవరో పుణ్యాత్ములు రాసిచ్చిన పొలాలు ఉన్నాయి. వాటి కిరాయి ఎంత, ఎవరు వసూలు చేస్తున్నారు, అందులో ఎన్ని రూపాయలు ఒక పేద పిల్లవాని చదువుకు చేరుతున్నాయి అని జుమాకు వచ్చిన ప్రతి ముసల్లీ చదువుకునేటట్టు గోడ మీద రాసిన మస్జిద్ లు ఎన్ని? ఖరవియ్యీన్ ను స్థాపించినది ఫాతిమానా, దావూదా అన్న ప్రశ్నకు పండితులు జవాబు వెదుకుతారు. ఈ రెండవ ప్రశ్నకు జవాబు చెప్పవలసినవారు మనమే.